మందూ సరైనదే, మోతాదూ సరైనదే... మరి లాన్ ఎందుకు మాడింది?

పచ్చగడప | ఫ్రిస్కో, టెక్సస్ | జూన్ 8, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా ఇంటి ముందు బెర్ముడా, అంటే మన గరిక జాతే. పెరట్లో సెయింట్ అగస్టీన్ అనే ఇంకో రకం లాన్ గడ్డి. మే నెలలో పడిన వానలకి స్పర్జ్ అనే కలుపు విపరీతంగా పెరిగింది. చూడటానికి మన రెడ్డివారి నానుబాలు లాగే ఉంటుంది, తుంచితే పాలు కారతాయి. మా పాప చెప్పుల్లేకుండా ఆడుకునే చోటంతా అదే.

వారం కిందట శనివారం కలుపు మందు కొట్టాను. 2,4-డి, మెకోప్రాప్, డైకాంబా మూడూ కలిసిన మందు. సీసా మీద సెయింట్ అగస్టీన్‌కి వాడొచ్చని ఉంది, దానికి తక్కువ మోతాదు విడిగా ఇచ్చారు. ఆ మోతాదే కొలిచి పోశాను. అయినా నాలుగో రోజుకి పెరట్లో గడ్డి పాలిపోయింది, ఇప్పుడు సిమెంటు దారి పక్కన రెండడుగుల వెడల్పున గోధుమ రంగుకి వచ్చేసింది. ముందున్న బెర్ముడా కాస్త పసుపు తిరిగింది గానీ బాగానే ఉంది. స్పర్జ్ మాత్రం హాయిగా బతికే ఉంది!

రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. రెండేళ్లు పెంచిన గడ్డి. ఏం తప్పు చేశాను?

---

ప్లేనో పెద్దన్న | ప్లేనో, టెక్సస్ | జూన్ 8, రాత్రి 10:03

తమ్ముడూ, కంగారు పడకు. మందు అని తేల్చేసే ముందు చించ్ బగ్ ఉందేమో చూడు. సిమెంటు పక్కన, ఎండ ఎక్కువ కొట్టే చోట సెయింట్ అగస్టీన్ ఎండిపోతుంటే మా వైపు మొదటి అనుమానం ఆ పురుగు మీదే. మూడేళ్ల కిందట మా ఇంట్లో నేను మందు దోషమనుకుని నీళ్లు పెడుతూ కూర్చున్నాను. ఈలోగా సగం లాన్ పోయింది.

పరీక్ష తేలిక. కాఫీ పొడి డబ్బా రెండు వైపులా మూత, అడుగు తీసేసి గొట్టంలా చెయ్యి. ఎండిన గడ్డికీ పచ్చ గడ్డికీ సరిహద్దులో రెండంగుళాలు నేలలోకి దించి నీళ్లతో నింపు. మట్టం తగ్గితే మళ్లీ పొయ్యి. ఐదారు నిమిషాల్లో పురుగులు తేలతాయి. నల్లగా, వీపు మీద తెల్లటి రెక్కలతో ఉంటాయి. పిల్ల పురుగులైతే ఎర్రగా, నడుం మీద తెల్ల గీతతో ఉంటాయి.

---

గోల్కొండ గరిక | హైదరాబాద్ | జూన్ 9, ఉదయం 8:41

నేను 18 ఏళ్లుగా గోల్ఫ్ మైదానాల్లో గడ్డి పని చేస్తున్నాను. పెద్దన్న గారు చెప్పిన పరీక్ష ముందు చేయండి. ఆ తర్వాత మాకు ఈ సంగతులు చెప్పండి:

ఏ టైముకి కొట్టారు? అప్పుడు ఎండ ఎంత? ముందు రోజు నీళ్లు పెట్టారా? గడ్డి కోసి ఎన్ని రోజులైంది? యూరియా గానీ ఏదైనా ఎరువు గానీ ఆ వారంలో వేశారా? మందులో అంటుకునే ద్రావణం ఏమైనా కలిపారా?

ఒక తీగ పీకి కణుపులు ఎలా ఉన్నాయో చూసి రాయండి. ఫొటో కన్నా మీ వేళ్లకి తెలిసేదే ముఖ్యం. వంచితే వంగుతుందా, పుటుక్కున విరుగుతుందా?

---

పచ్చగడప | ఫ్రిస్కో | జూన్ 9, ఉదయం 11:25

డబ్బా పరీక్ష మూడు చోట్ల చేశాను. పురుగులు లేవు, ఒక చీమ తేలింది అంతే.

తీగలు చూశాను. పచ్చగా ఉన్న చోట తీగ నేలకు అంటుకుని తిన్నగా పాకింది, వంచితే వంగింది. పాడైన చోట కొస పైకి లేచి కొక్కెంలా మెలి తిరిగింది. కణుపులు ఉబ్బి ఉన్నాయి, కొంచెం వంచేసరికే విరిగింది. ఆకు మీద మచ్చలు లేవు, అంచులు మాడినట్టూ లేవు, ఒట్టి పసుపు.

కొట్టింది ఉదయం 11 గంటలకి. ఫోన్‌లో 94 ఫారెన్‌హీట్ చూపించింది, మన లెక్కలో 34 డిగ్రీలు. అదే రోజు 8 గంటలకి గడ్డి కోశాను. నీళ్లు పెట్టి ఐదు రోజులు. సిమెంటు దారి పక్కన ఒక స్ప్రింక్లర్ తల సరిగ్గా తిరగడం లేదు, అది నెలగా అలాగే ఉంది. అంటుకోవడానికి రెండు చెంచాల డిష్ సబ్బు కలిపాను, ఒక వీడియోలో చెప్పారు. ఎరువు వేయలేదు.

---

గోల్కొండ గరిక | హైదరాబాద్ | జూన్ 9, రాత్రి 10:18

ఇక అనుమానం లేదు. మెలి తిరిగిన కొస, ఉబ్బిన కణుపు, పుటుక్కున విరగడం 2,4-డి, డైకాంబా లాంటి మందులు దెబ్బ తీసిన గుర్తులు. మోతాదు సరైనదే కావచ్చు. కానీ ఆ మోతాదు బాగా నీళ్లు తాగి, హాయిగా పెరుగుతున్న గడ్డికి లెక్కగట్టింది. మీరు దాహంతో ఉన్న గడ్డిని, మూడు గంటల ముందు ఆకులు కోసేసిన గడ్డిని, ఎండ నెత్తికెక్కుతున్న వేళ పట్టుకున్నారు. దానికి తోడు సబ్బు. సబ్బు ఆకు మీది మైనపు పొరను కడిగేస్తుంది. వేడిలో మందు ఎలాగూ తొందరగా లోపలికి పోతుంది, దానికి మీరు తలుపు తీసి పెట్టారు.

మా దగ్గర కుర్రాళ్లకి మొదటి రోజే ఒకటి నేర్పిస్తాం. మందు పంపు భుజానికి తగిలించుకునే ముందు గడ్డి మీద పది అడుగులు నడిచి వెనక్కి తిరిగి చూడాలి. అడుగుల గుర్తులు లేచిపోతే గడ్డిలో నీరుంది. గుర్తులు అలాగే పడి ఉంటే, ఆకు రంగు పచ్చ నుంచి నీలం కలిసిన బూడిద రంగుకి తిరిగితే, ఆ రోజు పంపు లోపల పెట్టేయడమే. ముందు రోజు బాగా తడిపి మర్నాడు చూస్తాం.

---

బాపట్ల అగ్రి 98 | గుంటూరు | జూన్ 10, ఉదయం 7:02

గోల్కొండ గారు చెప్పినదానికి వెనక ఉన్న కారణం కొంచెం వివరంగా రాస్తాను, ఇది అర్థమైతే మిగతావన్నీ మనమే ఊహించుకోవచ్చు.

గడ్డి మీద పడ్డ 2,4-డి గడ్డి లోపలికి పోదని చాలామంది అనుకుంటారు. పోతుంది. కలుపులోకీ పోతుంది, గడ్డిలోకీ పోతుంది. తేడా అంతా తర్వాతే. 2,4-డి మొక్క పెరుగుదల హార్మోనులా నటిస్తుంది. వెడల్పాకు కలుపు దాన్ని అదుపు చేయలేక అడ్డదిడ్డంగా పెరిగి చస్తుంది. గడ్డి దాన్ని వేరే పదార్థాలతో బంధించి పనికిరాకుండా చేసుకుంటుంది, ఒక రకంగా అరిగించుకుంటుంది. బెర్ముడాకి ఆ అరుగుదల శక్తి బాగా ఉంది. సెయింట్ అగస్టీన్‌కి తక్కువ, అందుకే దానికి మోతాదు తగ్గించి ఇస్తారు.

అంటే మందు లోపలికి పోయే వేగానికీ, గడ్డి దాన్ని అరిగించుకునే వేగానికీ పోటీ. వాతావరణం ఈ రెండింటినీ మారుస్తుంది. వేడి మొదటిదాన్ని పెంచుతుంది, నీటి ఎద్దడి రెండోదాన్ని చంపేస్తుంది. లంఖణంలో ఉన్నవాడికి విందు భోజనం పెడితే ఏమవుతుందో ఆ సిమెంటు దారి పక్కన అదే అయింది. అక్కడ స్ప్రింక్లర్ పనిచేయడం లేదు, పైగా సిమెంటు వేడి. అదే మందు, అదే మోతాదు, అదే రోజు, కానీ పది అడుగుల దూరంలో పచ్చగా ఉంది చూశారా? అదే సాక్ష్యం.

ఇక స్పర్జ్ చావకపోవడానికీ సగం కారణం ఇదే. నేల ఎండినప్పుడు కలుపు ఆకు మీద మైనం మందమవుతుంది, లోపల రసం కదలదు. పైన పడ్డ మందు వేరు దాకా పోదు. ఎద్దడిలో కొట్టిన మందు వల్ల కలుపు బతుకుతుంది, గడ్డి పాడవుతుంది. రెండు వైపులా నష్టమే.

---

ప్లేనో పెద్దన్న | ప్లేనో | జూన్ 10, ఉదయం 9:30

ఒక సందేహం. సెయింట్ అగస్టీన్ వేడి గడ్డే కదా, 90 ఫారెన్‌హీట్ దాటిన వేడిలోనూ బాగా పెరుగుతుంది. దానికి 94 ఒక లెక్కా?

---

బాపట్ల అగ్రి 98 | గుంటూరు | జూన్ 10, సాయంత్రం 6:45

మంచి ప్రశ్న అన్నా. వేర్లకి నీళ్లుంటే ఆ వేడిలో అది పెరిగే మాట నిజం. కానీ మందు విషయంలో 90 దగ్గర లెక్క మారిపోతుంది. అరుగుదల పెరిగిన దానికన్నా మందు లోపలికి పోవడం ఎక్కువ పెరుగుతుంది. పైగా ఈ రకం మందుల్లో కొన్ని ఎండకి ఆవిరై పక్క మొక్కల మీద పడతాయి. 2,4-డి ఈస్టర్ రూపం, డైకాంబా రెండూ ఆవిరయ్యేవే. అమైన్ ఉప్పు రూపం అంతగా ఆవిరి కాదు. సీసాకి అంటించిన మడతల కాగితం విప్పి చూడమనండి, ఎంత వేడి దాటితే కొట్టకూడదో అందులో రాసి ఉంటుంది. సాధారణంగా 85 లేదా 90 ఫారెన్‌హీట్ ఉంటుంది.

---

పచ్చగడప | ఫ్రిస్కో | జూన్ 10, రాత్రి 8:50

ఉంది. సీసా వెనక అంటించిన కాగితం గోటితో తీస్తే చిన్న పుస్తకంలా విప్పుకుంది. ఏడో పేజీలో "90 దాటితే కొట్టవద్దు", దాని కిందే "నీటి ఎద్దడిలో ఉన్న లాన్ మీద కొట్టవద్దు". కోయడానికి ముందూ తర్వాతా రెండేసి రోజులు ఆగమనీ ఉంది. నేను మోతాదు పట్టిక వరకే చదివి ఆపేశాను.

ఇంకో బాధ. పక్కనే మడిలో గోంగూర, టమాటా ఉన్నాయి. ఈ రోజు చూస్తే టమాటా లేత ఆకులు తీగల్లా సన్నగా చుట్టుకుపోయాయి, గోంగూర చిగుళ్లు గిన్నెలా ముడుచుకున్నాయి. అదీ ఇదేనా?

---

ఓరుగల్లు పత్తిరైతు | వరంగల్ | జూన్ 11, ఉదయం 6:20

బాబూ, నాకు లాన్ గురించి తెలియదు గానీ ఈ ముడుచుకున్న ఆకు గురించి బాగా తెలుసు. గోంగూర, బెండ, పత్తి ఒకే కుటుంబం. 2,4-డి గాలి సోకితే చాలు పత్తి ఆకు వేళ్లు చాచినట్టు సన్నగా చీలిపోతుంది. మా పక్క చేనాయన ఒక ఏడు సాయంత్రం గాలి లేదు కదా అని మక్కలో కొట్టాడు. వారానికి మా పత్తి అరెకరం మొత్తం చిగురు ముడిచింది. గాలి నా చేను వైపు వీచనే లేదు. ఎలా వచ్చిందో చాలా కాలం అర్థం కాలేదు.

ఇంకొకటి, ఆ మందు కొట్టిన పంపుతో ఇక కూరగాయలకి ఏదీ కొట్టకు. నీళ్లతో కడిగితే పోదు. కలుపు మందుకి విడిగా పంపు పెట్టుకోవడమే మేలు.

---

బాపట్ల అగ్రి 98 | గుంటూరు | జూన్ 11, ఉదయం 10:10

రైతు గారు చెప్పింది చాలా విలువైన విషయం. గాలి అసలు లేకపోవడం మంచిది కాదు. ఆకాశం నిర్మలంగా ఉన్న సాయంత్రం నేల చల్లబడుతుంది, నేలకి ఆనుకుని చల్లటి గాలి పొర, పైన వెచ్చటి పొర ఏర్పడతాయి. ఆ చల్లటి పొరలో సన్నటి తుంపరలు, ఆవిరి పైకి పోకుండా పొగమంచులా పరుచుకుని పల్లం వైపు జారతాయి. ఊళ్లో సాయంత్రం పొయ్యి పొగ ఇళ్ల మధ్య అడ్డంగా పరుచుకోవడం చూసే ఉంటారు, అదే స్థితి. తెల్లవారుజామున కూడా అంతే. పొద్దు పొడిచి గంటో గంటన్నరో అయ్యాక, మంచు ఆరాక, ఆకులు సన్నగా కదిలే గాలిలో కొట్టడం మంచిది.

పచ్చగడప గారూ, ఆ గోంగూర, టమాటా ఈ సీజన్‌కి తినకండి. కోసిన గడ్డిని కూడా కూరగాయల మడిలో పరచకండి.

---

మెల్‌బోర్న్ మల్లి | మెల్‌బోర్న్ | జూన్ 11, మధ్యాహ్నం 2:33

మా దగ్గర ఇప్పుడు చలికాలం గానీ ఈ చర్చ చదివాక రాయాలనిపించింది. ఒక మాట ముందుగా: ఆస్ట్రేలియాలో "బఫెలో" అంటే మీరు చెప్పే సెయింట్ అగస్టీనే. అమెరికాలో బఫెలో గ్రాస్ వేరే గడ్డి. మందు కొనేటప్పుడు ఇంటర్నెట్‌లో పేరు చూసి మోసపోకండి. మా బఫెలో లాన్లకి డైకాంబా ఉన్న మందులు వాడొద్దంటారు, బ్రోమాక్సినిల్, ఎంసీపీఏ కలిసినవి వాడతాం.

ఇక్కడ మందు కొట్టే రైతులు డెల్టా టీ అనే లెక్క చూస్తారు. మామూలు థర్మామీటరుకీ, తడి గుడ్డ చుట్టిన థర్మామీటరుకీ మధ్య తేడా అది. 2 నుంచి 8 మధ్య ఉంటే కొట్టొచ్చు, 10 దాటితే వద్దు. వేడినీ గాలిలో తేమనీ కలిపి ఒకే అంకెలో చెబుతుంది. 30 డిగ్రీలే ఉన్నా గాలి బాగా పొడిగా ఉంటే చుక్క ఆకు మీద పడేలోపే చిన్నదై ఎగిరిపోతుంది. మా వాతావరణ శాఖ వెబ్‌సైట్లో ఈ అంకె కనిపిస్తుంది. తేమ మరీ ఎక్కువుంటే చుక్క ఆరక ఆకు ఎక్కువ మందు తాగుతుంది, సున్నితమైన గడ్డికి అదీ ఇబ్బందే.

---

జెర్సీ జామచెట్టు | ఎడిసన్, న్యూజెర్సీ | జూన్ 12, ఉదయం 7:55

నాది దీనికి తిరగబడ్డ కథ. మా కెంటకీ బ్లూగ్రాస్ చలి గడ్డి. నిరుడు అక్టోబరు చివర్లో డాండెలయన్ అనే కలుపుకి మందు కొట్టాను. పగలు 52, రాత్రి 38 ఫారెన్‌హీట్. పది రోజులైనా ఆకు కూడా ముడవలేదు. పని చేయలేదనుకుని మళ్లీ కొట్టాను. తర్వాత వారం కాస్త ఎండ కాసింది, రెండు మోతాదులూ ఒకేసారి పని చేసినట్టు గడ్డి పసుపు తిరిగి చలికాలమంతా అలాగే ఉండిపోయింది. చలిలో గడ్డి పెరగదు కాబట్టి పాడైన ఆకు స్థానంలో కొత్తది రాలేదు.

చలిలో మందు నెమ్మదిస్తుంది, చచ్చిపోదు. మూడు వారాలు ఓపిక పట్టాల్సింది. ఇప్పుడు సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటి వారం లోపు కొడుతున్నాను. ఆ రోజుల్లో కలుపు తన ఆహారాన్ని వేరుకి దింపుకుంటుంది, దాంతో పాటే మందూ దిగుతుంది.

---

తుంగతో యుద్ధం | కొండాపూర్, హైదరాబాద్ | జూలై 19, రాత్రి 9:40

పాత చర్చని లేపుతున్నందుకు ఏమనుకోకండి. మా విల్లాలో జూన్ మొదట్లో మెక్సికన్ లాన్ పలకలు పరిపించాం. వానలకి కలుపు మొలవకూడదని మాలి పరిచిన నాలుగో రోజే పెండిమెథాలిన్ కొట్టాడు. ఆరు వారాలు పచ్చగా ఉంది. గత పది రోజులుగా వాన లేదు, అంతే, చాపలు చాపలుగా ఎండుతోంది. మందు కొట్టి నెలన్నర అయింది కదా, ఇప్పుడు ఎండడానికి దానికీ సంబంధం ఉంటుందా?

---

గోల్కొండ గరిక | హైదరాబాద్ | జూలై 19, రాత్రి 10:31

పలక అంచు రెండు చేతులతో పట్టుకుని పైకి లాగండి. తేలిగ్గా చాపలా లేచొస్తే కింద వేర్లు చూసి చెప్పండి.

---

తుంగతో యుద్ధం | కొండాపూర్ | జూలై 20, ఉదయం 6:50

లేచొచ్చింది సర్. ఒక్క పట్టుకే. వేర్లు అర అంగుళం కూడా లేవు, కొసలు అగ్గిపుల్ల తలలా ఉబ్బి మొద్దుగా ఉన్నాయి. కింద మట్టిలోకి ఒక్కటీ దిగలేదు.

---

గోల్కొండ గరిక | హైదరాబాద్ | జూలై 20, ఉదయం 8:15

సంబంధం ఉందండీ. పెండిమెథాలిన్ మొలిచే విత్తనం వేరుని ఆపుతుంది. కానీ అది కలుపు వేరా, గడ్డి కొత్త వేరా అని చూడదు. ముదిరిన లాన్‌లో వేర్లు ఆ మందు పొర కింద ఉంటాయి కాబట్టి ఫరవాలేదు. కొత్తగా పరిచిన పలక వేర్లు ఆ పొరలోంచే దిగాలి, దిగలేకపోయాయి. వానలున్నన్నాళ్లు పైన అర అంగుళం తడితోనే బతికేసింది. వాన ఆగగానే బయటపడింది. దెబ్బ జూన్‌లో తగిలింది, జూలైలో కనిపించింది. ఈ రకం నష్టంలో అదే చిక్కు, జనం ఎండనో మాలినో తిట్టుకుంటారు.

రోజుకి రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా తడుపుతూ పైన తడి ఆరకుండా చూడండి. మందు మెల్లగా తగ్గుతుంది. ఎరువు వద్దు, వేరు లేని గడ్డిని ఆకు పెంచమని తొందరపెట్టినట్టవుతుంది. ఎండలో దాని మీద నడవనివ్వకండి. తుంగకి కొట్టే హాలోసల్ఫ్యూరాన్ మందు గురించి మీరు తర్వాత అడుగుతారని తెలుసు, వేర్లు పట్టేదాకా దాన్నీ ఆపండి. తుంగని ఈలోగా గడ్డతో సహా తవ్వించండి.

---

ప్లేనో పెద్దన్న | ప్లేనో | జూలై 20, ఉదయం 9:05

ఇది చదువుతుంటే 2021 గుర్తొచ్చింది. ఆ ఫిబ్రవరి 16న మా డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే మైనస్ 19 డిగ్రీలు. వీధి వీధంతా సెయింట్ అగస్టీన్ చచ్చింది. నేను అలవాటు ప్రకారం మార్చిలో కలుపు మొలవకుండా ఆపే మందు వేసేశాను. బతికిన నాలుగు తీగలు పాకుతున్నాయి గానీ కణుపుల దగ్గర వేరు పట్టలేదు. మందు వేయని పక్కింటివాళ్ల లాన్ జూలైకి కమ్ముకుంది, మాది సెప్టెంబరైనా కమ్ముకోలేదు. అప్పుడు ఇది నాకు తెలిసి ఉంటే ఆ ఒక్క ఏడాది కలుపుని చేత్తో పీకేవాణ్ణి.

---

పచ్చగడప | ఫ్రిస్కో | జూలై 21, రాత్రి 9:20

అందరికీ నా లాన్ సంగతి చెప్పాలి కదా. స్ప్రింక్లర్ తల మార్పించాను. వారానికి రెండు సార్లు లోతుగా తడుపుతున్నాను, మొవర్ ఎత్తు నాలుగు అంగుళాలకి పెంచాను, ఏ మందూ ముట్టలేదు. నాలుగో వారం దాకా ఏ మార్పూ లేదు. ఐదో వారంలో సిమెంటు దారి పక్కన ఒక ఎండిన తీగ ఎత్తి చూస్తే మూడో కణుపు దగ్గర గోరంత పచ్చటి ఆకు, కింద తెల్లటి వేరు రెండు వెంట్రుకలంత. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను.

ఇప్పుడు పాడైన మేరలో సగం పైగా కమ్ముకుంది. ఒక మూల మాత్రం పూర్తిగా పోయింది, అక్కడ సెప్టెంబరులో కొత్త గడ్డి ముక్కలు నాటుతాను. స్పర్జ్‌ని నీళ్లు పెట్టిన మర్నాడు పొద్దున్నే పాపా నేనూ పీకుతున్నాం. తడి నేలలో నడి వేరుతో సహా వస్తోంది. పాలు చర్మానికి మంట పుట్టిస్తాయని ఇద్దరం గ్లోవ్స్ వేసుకుంటున్నాం. నిన్న ఒక్క గంటలో బకెట్ నిండింది.